స్టార్టరు పెట్టెకు చెకర్ ప్లేటు

అనంతపురము పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో నున్నది. నైరుతి ఋతుపవనము తన తేమను చాలవరకు కనుమల కావలనే విడిచి వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పు తీరమునుండి ఇంత దూరము చేరునప్పటికి బలహీనపడును. ఏటా సగటున సుమారు 55 సెంటీమీటర్ల వాన మాత్రమే ఈ సీమకు దక్కుచున్నది. పెన్న, చిత్రావతి, హగరి నదులు ఏడాదిలో అధికభాగము ఇసుక దారులుగానే కనిపించును. తుంగభద్ర ఎగువ కాలువయు, హంద్రీ-నీవా కాలువయు చేరని పల్లెలకు బోరుబావియే ముఖ్యాధారము. బోరు ఎంత లోతున నున్నను, దాని నీరు ఊరి ట్యాంకు నెక్కవలెనన్న మోటారు తిరుగవలెను. మోటారు తిరుగవలెనన్న గట్టుమీద ఒక ఇనుప పెట్టె యుండవలెను. స్టార్టరు, ఫ్యూజులు, రిలే అన్నియు ఆ పెట్టెలోనే యుండును. నీరు వదలు మనిషి దినమునకు రెండు మూడు మార్లు దానిని చేతితో తాకుచుండును.

1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను పదునొకండవ షెడ్యూలులో పేర్కొన్నది. త్రాగునీరు, గ్రామ విద్యుదీకరణము, సామాజిక ఆస్తుల పరిరక్షణము వానిలో చేరియున్నవి. మన స్టార్టరు పెట్టె ఈ మూడింటికిని సంబంధించినదే. 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ మనిషి కొక్కింటికి రోజునకు 55 లీటర్ల నీరు లక్ష్యముగా పెట్టుకొన్నది. ఆ లెక్కను వేయి మంది గల ఊరిలో ఈ పెట్టె ఒక్కదినము పనిచేయకున్నచో 55,000 లీటర్ల నీటికి లోటు వచ్చును. అంతకన్న పెద్ద ప్రమాద మింకొకటి కలదు. మోటారు చక్కగా తిరుగుచుండగనే కరెంటు పెట్టె రేకునకు ప్రాకవచ్చును. అప్పుడు తడికాళ్ళతో వచ్చి దానిపై చేయి వేసిన వాని ప్రాణమునకే ముప్పు వాటిల్లును.

కర్మాగారములో తయారైన పెట్టెలు తుప్పుపట్టినప్పుడు గాని, తలుపు లూడిపోయినప్పుడు గాని, పంచాయతీ వారు దగ్గరి పట్టణములోని వెల్డింగు షాపున క్రొత్త పెట్టె కట్టించుట కద్దు. గుంతకల్లు, ధర్మవరము, హిందూపురము, తాడిపత్రి వంటి పట్టణములలో ట్రాక్టరు ట్రాలీలు కట్టు షాపు లుండును. ట్రాలీ అడుగున పరచు చెకర్ ప్లేటు ముక్కలు అచ్చట మిగులుచుండును. “ఈ రేకుతో కట్టినామంటే గునపంతో పొడిచినా చెక్కుచెదరదు సామీ” అని మేస్త్రీ చెప్పును. ఆ మాటలో సత్యము లేకపోలేదు. తీగలు, స్టార్టర్లు దొంగిలించువారికి మందపు రేకు అంత సులభముగా లొంగదు. కాని ఆ రేకుతో పెట్టె చేయుటలో కొన్ని మెళకువలు కలవు. వానిని పాటింపనిచో “పైన పటారము, లోన లొటారము” అన్న సామెత నిజమగును. పని చేయువాడు మేస్త్రీయే యైనను, చేయించి సొమ్ము చెల్లించువారు పంచాయతీ సభ్యులు. కావున ఆ పనిలోని మంచిచెడ్డలను వారు తెలిసికొనుట కొరకు ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

చెకర్ ప్లేటు అనగా నేమి?

బస్సు మెట్టుమీదను, ట్రాలీ అడుగునను, మురుగు కాలువల మూతలమీదను ఉబ్బెత్తు గీతలతో కూడిన రేకును మన మందరము చూచియుందుము. అదియే చెకర్ ప్లేటు. కాలు జారకుండుటకే ఆ గీతలు పుట్టినవి. ఉక్కు కాగి ఎఱ్ఱగా నున్నప్పుడు, గాళ్ళు చెక్కిన రోలరు క్రింద దానిని నడిపించి ఈ గుర్తులు తేల్తురు. ఒక ప్రక్క గుర్తులు లేచియుండును. రెండవ ప్రక్క చదునుగా నుండును. ఉక్కు చెకర్ ప్లేటునకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 3502. రేకు మందమును గీతలను విడిచి, వాని నడుమ నున్న చదును భాగమున కొలుతురు. 3 మిల్లీమీటర్ల రేకు అడిగినప్పుడు గీతతో కలిపి 3 మిల్లీమీటర్లు కొలిచి చూపిన యెడల అది తక్కువ మందపు రేకని గ్రహింపవలెను.

ఉక్కు ఘనమీటరు 7,850 కిలోగ్రాములు తూగును. ఈ లెక్కను 3 మిల్లీమీటర్ల సాదా రేకు చదరపు మీటరునకు ఇంచుమించు 23.5 కిలోగ్రాములు బరువుండును. చెకర్ ప్లేటు గీతల మూలమున మరికొంత యెక్కువ. 60 సెంటీమీటర్ల యెత్తు, 45 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల లోతు గల పెట్టెకు ఇంచుమించు ఒక చదరపు మీటరు రేకు పట్టును. అనగా ఉత్త పెట్టెయే 23 కిలోలకు పైబడును. 1.6 మిల్లీమీటర్ల సాదా రేకుతో చేసినచో 12 కిలోలతో తీరును. కావున పెట్టె యంతయు చెకర్ ప్లేటుతో కట్టుట అనవసరము. ముందు తలుపునకును, ప్రక్కలకును చెకర్ ప్లేటు వాడవచ్చును. పైకప్పు మాత్రము సాదా రేకుతో, ముందుకు వాలుగా నుండవలెను. చెకర్ ప్లేటును కప్పుగా పరచినచో గీతల నడుమ దుమ్మును, వాననీరును నిలిచి తుప్పు పుట్టును. స్టార్టరును బిగించు లోపలి పలకయు సాదాదిగానే యుండవలెను.

అల్యూమినియము చెకర్ ప్లేటు కూడ దొరకును. అది బరువులో ఉక్కునకు మూడవ వంతు, తుప్పు పట్టదు. కాని రాగితీగ దానికి నేరుగా తగిలి, తేమ చేరినచో అల్యూమినియము తినివేయబడును. అట్టి చోట తగరపు పూత గల లగ్గు నుంచి బిగింపవలెను.

గుర్తులు పెట్టుట, రంధ్రములు వేయుట

తీగలు వచ్చుటకు, మీటలు బిగించుటకు, బోల్టులు దూర్చుటకు పెట్టెకు పది పండ్రెండు రంధ్రములు వేయవలసి యుండును. చెకర్ ప్లేటు పని సాదా రేకు పనితో వేరుపడునది ఇచ్చటనే.

ఉబ్బెత్తు ప్రక్కనుండి గురుతు కొట్టినచో సెంటరు పంచి గీతమీదనుండి జారును. డ్రిల్లు మొన కూడ జారి ప్రక్కకు పోవును. కావున చదును ప్రక్కను పైకి త్రిప్పి, సుద్దముక్కతో కాక ఉక్కుసూదితో గీత గీచి, అచ్చట పంచి కొట్టవలెను. క్రింద గట్టి కొయ్యదిమ్మె నుంచి రేకును రెండు క్లాంపులతో బిగింపవలెను. చేతితో పట్టుకొని డ్రిల్లు వేయుట మహా ప్రమాదకరము. డ్రిల్లు రేకును చీల్చుకొని ఆవలికి పోవు క్షణమున రేకు గిఱ్ఱున తిరిగి చేతిని కోయును. డ్రిల్లు నడుపునప్పుడు గుడ్డ తొడుగులు వేసికొనరాదు. అవి మొనకు చుట్టుకొని వ్రేళ్ళను లాగును. కండ్లకు అద్దములు మాత్రము తప్పక ధరింపవలెను.

మొదట 3 మిల్లీమీటర్ల రంధ్రము వేసి, పిదప క్రమముగా పెంచుకొనవలెను. మొనపై అప్పుడప్పుడు నూనె చుక్క వేయవలెను. రంధ్రము పెద్దదైన కొలది డ్రిల్లు వేగము తగ్గవలెను. మెత్తని ఉక్కులో 10 మిల్లీమీటర్ల మొనకు నిమిషమునకు ఇంచుమించు 800 చుట్లు, 25 మిల్లీమీటర్ల దానికి ఇంచుమించు 300 చుట్లు తగును. చేతి డ్రిల్లులు అంతకన్న చాల వేగముగా తిరుగును. అందువలననే మొన నీలిరంగు తిరిగి మొక్కవోవును. మేస్త్రీ ఓపిక నశించి మిగిలిన రంధ్రమును గ్యాసు మంటతో కోసి ముగించును. మంటతో కోసిన రంధ్రమునకు గుండ్రదనము గాని, నున్నదనము గాని ఉండదు. అట్టి రంధ్రమును సభ్యులు అంగీకరింపరాదు.

రంధ్రము వేసిన వెనుక అంచున సన్నని ఇనుప ముళ్ళు నిలుచును. చూపునకు అవి అల్పములు. తీగ పాలిటికి కత్తులు. మోటారు నడుచునప్పుడెల్ల పెట్టె సన్నగా అదరుచుండును. ఆ యదురుతో తీగపై తొడుగు ఆ ముళ్ళకు రాచుకొని, నెలలు గడచిన పిమ్మట తెగును. తొడుగు తెగిన తీగ రేకునకు తగులగనే పెట్టె యంతయు కరెంటుతో నిండును. కావున ప్రతి రంధ్రమును ఇరుప్రక్కల ఆకురాయితో నున్న చేసి, రబ్బరు తొడుగు గాని కేబులు గ్లాండు గాని అమర్చవలెను. రంధ్రము అంచున వ్రేలు త్రిప్పి చూచినచో నున్నదనము వెంటనే తెలియును.

గీతలను ఎచ్చట చదును చేయవలెను?

చెకర్ ప్లేటుపై గీతలు సుమారు ఒక మిల్లీమీటరు ఎత్తు లేచియుండును. ఆ స్వల్పమైన ఎత్తే పెక్కు లోపములకు కారణము. గ్లాండు నేరుగా గీతలమీద కూర్చున్నచో దాని క్రింద సందు మిగులును. ఆ సందున నీరును, చీమలును ప్రవేశించును. అదురునకు నట్టు వదులగును. తలుపు చుట్టు రబ్బరు పట్టీకిని ఇదే గతి. వాషరు రెండు గీతల మీదనే ఆనియున్న బోల్టును ఎంత బిగించినను అది లోహమును పూర్తిగా తాకదు.

కావున మూడు చోట్ల గీతలను గ్రైండరుతో తీసివేయవలెను. మొదటిది, ప్రతి గ్లాండు చుట్టును దాని నట్టు కన్న కొంచెము పెద్దదైన వలయము. రెండవది, రబ్బరు పట్టీ ఆను అంచు పొడవునను. మూడవది, ఎర్తు బోల్టు కూర్చుండు చోటు. గీతలు పోవువరకు మాత్రమే రాపిడి చేయవలెను. అడుగు రేకును తినివేయరాదు. మొదట గరుకు చక్రముతోను, తుదకు మెత్తని చక్రముతోను చేసినచో చదును చక్కగా వచ్చును. మిగిలిన చోట్ల గీతలను తాకనవసరము లేదు. అవి తలుపునకు బలమును, పెట్టెకు ఒక అందమును ఇచ్చును.

గీతల అందమును మెచ్చి ఈ రేకును వాడువారు ఇతర దేశములందును కలరు. గిటారు వాయించువారు కాలితో నొక్కి స్వరపు తీరును మార్చు చిన్న విద్యుత్ పెట్టెలు 1960 దశకమునుండి ప్రచారములోనికి వచ్చినవి. వానిని ఇంటివద్దనే చేసికొను ఔత్సాహికులు, కాలి త్రొక్కిడికి ఆగునని లోహపు పెట్టెనే కోరుదురు. తీగ గుచ్చు కన్నము చుట్టును గీతలు తీయనిచో ఆ పెట్టెయందును నట్టు నిలువదు. లోహపు పెట్టెను భూమి తీగతో కలుపనిచో కరెంటు లైనుల గుయ్యిమను రొద పాటలో కలియును. అవి సాధారణముగా 9 వోల్టులతో నడుచును గనుక వారికి కలుగు నష్టము పాట చెడుటయే. మన రామాలయపు మైకు సెట్టు 230 వోల్టులది. బోరు మోటారు మూడు ఫేజులది. అదే లోపము ఇచ్చట ప్రాణము తీయును.

అతుకు, రంగు

మూడు మిల్లీమీటర్ల చెకర్ ప్లేటును మడత పెట్టుట చిన్న షాపులలో కష్టము. ముక్కలుగా కోసి మూలలను వెల్డింగు చేయుటే సులభము. ఒకే దఫా పొడవునా అతికినచో వేడికి రేకు వంకర తిరిగి తలుపు మూసికొనదు. ఎదురెదురు మూలలలో చిన్న చిన్న అతుకులు వేసి, పెట్టె కుదిరినదని చూచుకొని, పిదప మిగిలినది నింపవలెను. పైకప్పు అతుకులు సందు లేకుండ పూర్తిగా నిండవలెను. జస్తా పూత గల రేకును వెల్డింగు చేయునప్పుడు వచ్చు తెల్లని పొగ జ్వరము పుట్టించును. అతుకు చోట పూతను ముందుగా రాచివేసి, ఆరుబయట పని చేయించుట క్షేమము.

వెల్డింగు చిట్లును, తుప్పును గీకివేసి రెడాక్సైడు ఒక పూతయు, దానిపై రంగు రెండు పూతలును వేయవలెను. ఎత్తైన అంచులమీద రంగు నిలువక పలుచబడును గనుక తుప్పు ముందుగా గీతల కొనలయందే మొదలగును. కావున కుంచెతో మొదట గీతలను తడిపి, పిదప అంతటను పూయవలెను. ఎండకు కాగకుండ తెలుపు గాని లేత బూడిదవన్నె గాని మేలు. ఇల్లలకగానే పండుగ కానట్లు, రంగు వేయగానే పెట్టె పూర్తియైనదని తలపరాదు. ముఖ్యమైన పని ఇక మీదనే యున్నది.

ఎర్తు బోల్టు క్రింద మెరయు లోహము

రంగు విద్యుత్తును పారనీయదు. రంగుమీద బిగించిన ఎర్తు బోల్టు బోల్టు కాదు, అలంకారము. పెట్టెకు రెండు ఎర్తు బోల్టులుండవలెను. వాని చోట గీతలను తీసి, రంగును గీకి, లోహము తళతళ మెరయువరకు ఆకురాయితో రుద్దవలెను. పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించి, పైన వాజలీను పూయవలెను. తలుపు బందులను నమ్మరాదు. అవి తుప్పుపట్టినప్పుడు తలుపునకును పెట్టెకును సంబంధము తెగును. తలుపునుండి పెట్టెకు మెత్తని రాగి జడతీగ నొకదానిని కలుపవలెను. మూడు ఫేజుల మోటారునకును, దాని పెట్టెకును వేరువేరుగా రెండు ఎర్తు తీగలుండవలెనను నియమము 1956 నాటి భారత విద్యుత్ నిబంధనలలోనే యుండినది. తరువాత వాని స్థానమున వచ్చిన నిబంధనలందును అది నిలిచియున్నది.

ఎర్తు తీగ మంచిదే, బోల్టు మంచిదే, ఐనను నేల ఎండియున్నచో ఫలితము దక్కదు. కరువు సీమ వారు దీనిని మిగుల జాగ్రత్తగా గమనింపవలెను. ఒక లెక్క చూతము. ఫేజు తీగ పెట్టెకు తగిలినది, వోల్టేజి 230. ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఎర్తు నిరోధము 2 ఓములనుకొందము. ఎఱ్ఱనేల ఎండి, అడుగున రాయి తగిలి, మన పెట్టె ఎర్తు నిరోధము 40 ఓము లున్నదనుకొందము. మొత్తము 42 ఓములు. 230ని 42చే భాగించిన ఐదున్నర ఆంపియర్లు మాత్రమే పారును. ఐదు అశ్వశక్తుల మోటారు నిత్యము తీసికొనునదే ఏడెనిమిది ఆంపియర్లు. ఈ ఐదున్నరకు ఫ్యూజు కరుగదు. పెట్టెమీద 219 వోల్టులు అట్లే నిలిచియుండును. ఎర్తు తీగ కట్టియున్నది గదా యని నమ్మి తాకినవాడు షాకునకు గురియగును. తడి శరీరము గుండా 30 మిల్లీ ఆంపియర్లు దాటి పారినచో ప్రాణాపాయము. అట్టి స్థితిలో దానికి ఎన్నో రెట్లు పారవచ్చును.

అదే ఎర్తు నిరోధము 4 ఓము లైనచో 230ని 6చే భాగింపవలెను. 38 ఆంపియర్లు పారును. 15 ఆంపియర్ల ఫ్యూజు త్వరలోనే కరిగి కరెంటు నిలుచును. ఫ్యూజునకు బదులు లావుపాటి తీగ చుట్టియున్నచో ఈ రక్షణయు పోవును. స్వల్పమైన లీకేజికే కరెంటును త్రెంచు బ్రేకరు ఫ్యూజు కన్న వేగముగా పనిచేయును. దానిని పెట్టుట మిక్కిలి మేలు. పాత మోటారులందు తేమ వలన సహజముగనే కొంత లీకేజి యుండవచ్చును గనుక, ఏ పరిమాణపు బ్రేకరు తగునో విద్యుత్ ఇంజనీరును అడిగి నిర్ణయింపవలెను.

ఎర్తు గుంటను గూర్చి ఐ.ఎస్. 3043 అను ప్రమాణము వివరించుచున్నది. జస్తా పూత గల గొట్టము 2.5 మీటర్లకు తక్కువ కాకుండ భూమిలో దిగవలెను. మన సీమలో అంతకు ముందే రాయి తగులుట సామాన్యము. అట్టి చోట గొట్టమును కోసివేయుట తప్పు. నిలువునకు 30 డిగ్రీలకు మించని వాలుతో పూర్తి పొడవును పాతవచ్చునని ఆ ప్రమాణమే చెప్పుచున్నది. ఒక గొట్టము చాలనిచో, గొట్టము పొడవునకు రెండింతల దూరమున, అనగా 5 మీటర్లకు తగ్గకుండ, రెండవ దానిని పాతి కలుపవలెను. చుట్టును బొగ్గును, ఉప్పును వేయుట వాడుక. ఉప్పు నీటితో కరిగిపోవుటయే గాక గొట్టమును తినును గనుక కొన్ని ఏండ్ల కొకసారి త్రవ్వి చూడవలెను.

బొగ్గు, ఉప్పు ఎంత వేసినను తడి లేనిదే పనిచేయవు. త్రాగుటకే నీరు చాలని ఊరిలో ఎర్తు గుంటకు నీరెవరు పోయుదురని కొంద రడుగవచ్చును. దీనికి సులభమైన ఉపాయము కలదు. ట్యాంకు పొర్లినప్పుడు పడు నీరు గాని, కుళాయి గట్టున జారు వృథానీరు గాని చిన్న కాలువగా ఎర్తు గుంటకు చేరునట్లు మొదటనే స్థలము నిర్ణయింపవలెను. పెట్టె నిలుచు చోటు మాత్రము పొడిగా నుండవలెను. ఎర్తు పరీక్షను వానలు పడిన పిదప చేయించుట కన్న ఏప్రిల్, మే నెలలలో చేయించుట యుక్తము. వేసవిలో నెగ్గిన ఎర్తు వానకాలమున తప్పక నెగ్గును.

ఎండ, వాన, పురుగులు

40 డిగ్రీలు దాటు ఎండలో ఇనుప పెట్టె లోపల వేడి మరింత పెరుగును. లోపలి రిలే ఆ వేడికే మోటారు భారము పెరిగినదని భ్రమించి ఆపివేయును. అప్పుడు రిలేను బిగించి కట్టివేయుట తరచు జరుగుచున్నది. తుదకు మోటారు కాలును. పెట్టెను గోడకు ఉత్తరపు వైపున గాని, చెట్టు నీడను గాని ఉంచి, కప్పుపైన నాలుగు వ్రేళ్ళ యెడముతో మరియొక రేకు కప్పినచో వేడి తగ్గును. తీగ లన్నియు క్రింది వైపునుండియే ప్రవేశింపవలెను. పైనుండి వచ్చిన తీగ వెంట వాననీరు నేరుగా స్టార్టరులోనికి దిగును. లోపల చేరిన తేమ పోవుటకు అడుగున 6 మిల్లీమీటర్ల రంధ్రమొకటి వేసి, బల్లులు, చీమలు దూరకుండ సన్నని జల్లెడ బిగింపవలెను.

చెకర్ ప్లేటు మిగిలినదని దానిని పెట్టె యెదుట కాలు పెట్టుటకు పరచు నలవాటు కొన్ని చోట్ల కలదు. కాలు జారదను మాట నిజమే. కాని స్టార్టరు తాకువాడు ఇనుముపై నిలుచుట ఎంత మాత్రము తగదు. అచ్చట తాడిపత్రి బండ పరచి, దానిపై ఐ.ఎస్. 15652 గురుతు గల రబ్బరు చాప వేయవలెను.

సొమ్ము చెల్లించుటకు ముందు

క్రొత్త పెట్టె బిగించిన దినమున సర్పంచియు, ఇద్దరు సభ్యులును దగ్గర నుండి ఈ క్రింది వానిని చూడవలెనని మా మనవి. విద్యుత్ పంపిణీ సంస్థ వారి లైన్‌మనును తప్పక పిలువవలెను. లైన్ క్లియర్ తీసికొని, స్తంభము వద్ద ఫ్యూజులు తీసిన తరువాతనే తలుపు తెరచి లోపల చేయి పెట్టవలెను.

1. రేకు మందము గీతల నడుమ కొలిచి చూచిరా?

2. ప్రతి రంధ్రపు అంచు వ్రేలికి నున్నగా తగులుచున్నదా? తీగ చుట్టు రబ్బరు గాని గ్లాండు గాని యున్నదా?

3. గ్లాండుల క్రిందను, రబ్బరు పట్టీ క్రిందను గీతలు తీయబడినవా? పెట్టెపై చెంబెడు నీరు పోసినచో లోపల చుక్క దిగుచున్నదా?

4. రెండు ఎర్తు బోల్టుల క్రింద రంగు గీకబడినదా? తలుపునకు జడతీగ కలదా? పెట్టె రేకునకును ఎర్తు తీగకును నడుమ మీటరు 1 ఓమునకు లోపుగా చూపుచున్నదా?

5. ఎర్తు గుంట నిరోధము ఎంత? ఏ నెలలో కొలిచిరి? ఆ యంకెను తేదీతో సహా తలుపు లోపలి వైపున రంగుతో వ్రాయించిరా?

6. ఫ్యూజులలో తగిన తీగయే యున్నదా?

7. మోటారు తీగల ఇన్సులేషనును 500 వోల్టుల మెగ్గరుతో కొలిచిరా? 1 మెగోమునకు తగ్గినచో మోటారును నడుపరాదు.

ఈ పరీక్షలకు ఒక పూట చాలును. గ్లాండు చుట్టు గీతలు తీయలేదని కనుగొన్నచో పెట్టెను మరల షాపునకు పంపుటకు వెనుదీయరాదు. గ్రామములోని ఐ.టి.ఐ. చదివిన ఫిట్టరును గాని, ఎలక్ట్రీషియనును గాని వెంట తీసికొని పోయినచో పని జరుగుచున్నప్పుడే లోపములను సరిచేయించవచ్చును. ఏటేట వేసవి గ్రామసభలో త్రాగునీటి చర్చకు వచ్చినప్పుడు, బోరు లోతు, ట్యాంకు మట్టములతో పాటు ఎర్తు నిరోధపు అంకెను కూడ చదివి వినిపించుట మంచి సంప్రదాయము కాగలదు.

బోరుకు లక్షలు వెచ్చించు ఊరికి ఒక బోల్టు క్రింద రంగు గీకించుట పెద్ద ఖర్చు కాదు. నీరు వదలుటకు తెల్లవారుజామున చీకటిలో వెళ్ళు మనిషి ఏ దినమున కా దినము క్షేమముగా ఇల్లు చేరవలెను. ఆ బాధ్యత పంచాయతీది. కావున సభ్యులు ఈ వారములోనే తమ ఊరి స్టార్టరు పెట్టెను లైన్‌మనుతో కలిసి తెరిపించి చూడవలసినదిగా కోరుచున్నాము.